గంట కొట్టకముందే

ఆ… హలో. నేనేలే బావా, నా ఫోను ఇంకెవరెత్తుతారు?

…

తిట్టు. నేనేం పెట్టెయ్యను. కుర్చీ కూడా దగ్గరికి లాక్కుని కూర్చున్నా. కాస్త ఊపిరి తీసుకుని తిట్టు, లేకపోతే మధ్యలో దగ్గొస్తుంది నీకు.

…

ఆ… ఆ… దొంగ రిఫరీ. సరే. తర్వాత?

…

ఆ ఆఖరి మాట మళ్ళీ అను. మీ చెల్లెలు ఇక్కడే ఉంది, స్పీకర్లో పెడతా. వాళ్ళన్నయ్యకి ఎన్నెన్ని మాటలొచ్చో ఆవిడ కూడా విని సంతోషిస్తుంది.

…

— ఏంటీ?

నీతో కాదు బావా, మీ చెల్లెలితో. "మా అన్నయ్య అన్నదాంట్లో తప్పేముంది" అంటోంది. చూశావా. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని కూర్చుంటే, కంచం తెచ్చి నా ముందు బోర్లించి పెట్టి వెళ్ళిపోయింది. పోటీల్లోనే నేను రిఫరీని. ఇంట్లో ఈల ఆవిడ దగ్గరే ఉంటుంది.

…

సరే సరే. నువ్వెక్కడున్నావిప్పుడు?… ఇంకా ఆస్పత్రిలోనేనా. నీ బాక్సర్ కుర్రాడు, ఆ బస్సు కండక్టర్ ఏడీ?… స్కాన్‌కి లోపలికి తీసుకెళ్ళారా… చాలాసేపైందా?

ఊఁ.

ఏం లేదు, ఊరికే అన్నా. నువ్వు తిట్టడం ఆపకు.

…

నీ కుర్రాడు పాయింట్లలో ముందున్నాడని నాకు తెలియదా బావా? హాల్లో టీ అమ్మేవాడికి కూడా తెలుసు. మొదటి రెండు రౌండ్లూ ఎదుటి మూల వెల్డర్‌ని చిన్నపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించాడు. చివర్లో ఆ ఒక్క దెబ్బ తగలకపోతే బెల్టు మీదే. ఎవరు కాదన్నారు?

…

గంట కొట్టడానికి ఎన్ని సెకన్లున్నాయీ?… ఎనిమిదా? ఇందాక హాల్లో పది అన్నావు. నువ్విలా ఇంకో రెండుసార్లు ఫోన్ చేశావంటే, గంట కొట్టాక ఆపానంటావు.

…

వాటేసుకుని నెట్టుకొచ్చేవాడా? ఎవర్ని వాటేసుకుని?… వెల్డర్‌నా? బావా, వాడు పడిలేచి వాటేసుకోబోయింది వెల్డర్‌ని కాదు, మూలనున్న స్తంభాన్ని. నువ్వూ చూశావు, నేనూ చూశాను. ఆ స్తంభమొక్కటే కంగారుపడలేదు.

…

నిదానంగా లెక్కపెట్టాల్సిందా? ఎంత నిదానంగా? ఒకటికీ రెండుకీ మధ్యలో నేను వెళ్ళి టీ తాగి రావాలా?

…

అవును, నవ్వుతున్నా. నువ్వు అరుస్తుంటే నాకు నవ్వే వస్తుంది. పెళ్ళైన కొత్తలో మీ ఇంట్లో క్యారమ్స్ ఆడినప్పుడూ ఇంతే, ఓడిపోయి బోర్డు మీద అరిచేవాడివి.

…

సరే. ఇది మాత్రం నవ్వకుండా విను. నీకింకా చెప్పలేదు. అక్కడ చెబుదామంటే హాలంతా అరుపులు, నువ్వేమో నా చొక్కా పట్టుకున్నావు. ఎనిమిది దాకా లెక్కపెట్టానా… లేచి నిలబడ్డాడు. చేతులు పైకెత్తమంటే ఎత్తాడు. పర్వాలేదనుకున్నా. దగ్గరికెళ్ళి, మొహంలో మొహం పెట్టి, "ఎక్కడున్నావు నువ్వు?" అని అడిగా. ఏమన్నాడో తెలుసా?

…

"లోపలికి జరగండి, వెనకాలంతా ఖాళీయే" అన్నాడు.

…

ఒట్టు బావా. నా కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

…

ఎంతో మర్యాదగా అన్నాడు తెలుసా. బస్సులో ఉన్నప్పుడు కూడా అంత మర్యాదగా అనుండడు. నన్నెవరో పెద్దాయన అనుకున్నాడేమో, ఆ గ్లవుతోనే భుజం పట్టుకుని మెల్లగా పక్కకి జరిపాడు. అప్పుడాపాను. చిల్లర అడిగేదాకా ఆగమంటావా?

…

…

దగ్గొచ్చిందా బావా? నీళ్ళు తాగు.

ఆ. ఇప్పుడు చెప్పు.

…

తెలుసు. పొద్దున్నే డిపోకి వెళ్ళేముందు పరుగు, డ్యూటీ దిగి సాధనకి నీ షెడ్డుకి రావడం… రోజంతా నిలబడి పనిచేసిన కాళ్ళతో. నేను ఆఫీసు నుంచి వచ్చేది ఆ దారినే కదా. ఆ సంచి మీద గుద్దులు వీధి చివరికి వినపడతాయి. బెల్టు మీద వాడెంత ఆశపెట్టుకున్నాడో తెలుసు. వాడికంటే నువ్వెక్కువ పెట్టుకున్నావనీ తెలుసు.

కానీ, ఇంక కొద్ది సెకన్లే ఉన్నాయి, పోనీలే కాస్త మెల్లగా తగులుదాం అని దెబ్బ అనుకుంటుందా బావా? మొదటి రౌండులో దెబ్బెంతో ఆఖర్లోనూ అంతే. అసలు ఇంకా ఎక్కువ. తట్టుకోడానికి వాడి దగ్గర ఏం మిగిలుంటుంది అప్పటికి?

…

బావ అని కూడా చూడలేదా? చూడలేదు. రింగులో ఉన్నంతసేపూ నువ్వు ఎర్రమూల కోచ్‌వి. కిందికి దిగితేనే బావవి. అందుకే దిగగానే "బావా" అని చెయ్యి చాపాను. నువ్వేం చేశావు? ఆ చేతిలో బకెట్ పెట్టి వెళ్ళిపోయావు. ఉమ్మేసిన బకెట్. అంతమంది ముందు.

…

కోపంలోనేలే. నాకు మాత్రం దాన్నెక్కడ పెట్టాలో తెలీక బండి దాకా మోసుకెళ్ళాను. జనమంతా దారిచ్చారు. తిడదామని వచ్చినవాళ్ళు కూడా బకెట్ చూసి పక్కకి తప్పుకున్నారు. ఒక రకంగా నువ్వే కాపాడావు.

…

ఆ, విసిరారు. పై వరసలోంచి ఎవడో చెప్పు విసిరాడు. ఒకటే. ఇంటికెలా వెళ్ళాడో పాపం.

…

అదిగో, నవ్వావు. నవ్వలేదా? సరే, దగ్గావు.

…

సరే, ఇప్పుడు నేనొకటడుగుతా. నిజం చెప్పాలి. వాడు లేచి నిలబడ్డప్పుడు నువ్వు తువ్వాలు ఎందుకు తీశావు?

…

మొహం తుడుచుకోడానికా. మొహం తుడుచుకునేవాడు తువ్వాలు తలపైకెత్తుతాడా?

…

చెమట నెత్తిమీద కూడా పట్టిందా. బావా, నేను వాడి ఎదురుగా నిలబడ్డాను. వాడి భుజం మీంచి నాకు కనిపించేది నువ్వే. ఎత్తావు. ఆట ఆపెయ్యమని రింగులోకి విసరబోయావు. దించావు. మళ్ళీ ఎత్తావు.

…

…

తప్పని నేను అనడంలేదు. నేను నీ మూలలో ఉంటే నా చెయ్యీ అంతే చేసేదేమో. సొంత తమ్ముడిలా చూసుకున్నవాణ్ణి… చేతులారా ఎలా ఓడిస్తావు? ఆ తువ్వాలు నువ్వు విసిరుంటే వాడు నీ గుమ్మం తొక్కడు. నేను ఆపాననుకో, నన్ను తిట్టుకుంటాడు. తిట్టుకుంటూ నీ దగ్గరికే వస్తాడు. అది నా పని బావా. దానికే కదా తెల్ల చొక్కా తొడిగి మధ్యలో నిలబెట్టారు.

…

లేదు… ఎవరికీ చెప్పను. వాడికి అసలే చెప్పను. మీ చెల్లెలా? ఆవిడ విన్నది. విన్నదే, నేనేం చెయ్యను, స్పీకర్ ఆపడం మర్చిపోయా.

…

నిజంగానే మర్చిపోయా. ఒట్టు… సరే, కావాలనే.

— ఏంటే?

మీ చెల్లెలు. కంచం వెల్లకిలా తిప్పింది. తిప్పిందంతే, అందులో ఇంకా ఏమీ పడలేదు. అదీ మెరుగే.

…

ఎవరు పిలుస్తున్నారు?… డాక్టరా? వెళ్ళు, వెళ్ళు. ఫోను మాత్రం కట్ చెయ్యకు. అలాగే జేబులో వేసుకో. బావా… కట్ చెయ్యకు.

…

…

ఏమీ వినపడటంలేదే. గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. నడుస్తున్నట్టున్నాడు మీ అన్నయ్య… నాకెలా తెలుస్తుంది, జేబులో ఉంది ఫోను… కూర్చో నువ్వు. నిలబడితే తొందరగా చెబుతారా?… నేనా? నేనెప్పుడు లేచానో నాకే తెలీదు.

…

బండి తాళాలేవీ?… ఆ, ఇలా ఇయ్యి. వెళ్తానో వెళ్ళనో, చేతిలో ఉండనీ.

…

…

ఆ. బావా. చెప్పు.

…

మళ్ళీ చెప్పు.

…

ఏమీ లేదన్నాడా? వాపూ లేదు, లోపల రక్తమూ లేదు… అచ్చంగా అలాగే అన్నాడా? నువ్వు సరిగ్గా విన్నావా? నీకు ఎడమ చెవి అంతంతమాత్రం…

…

ఊఁ. ఊఁ. ఆకలంటున్నాడా. అయితే బాగున్నట్టే.

…

తిట్టు బావా. ఇప్పుడు తిట్టు. ఇందాకటివన్నీ కొట్టేశాం, మళ్ళీ మొదట్నుంచి… గుడ్డివాణ్ణి. ఒప్పుకున్నా… తొందరమనిషిని. అదీ ఒప్పుకున్నా… ఆ తిట్టు మా నాన్నకి తగులుతుంది. అయినా పర్వాలేదు, ఇవాళ ఆయన కూడా ఏమీ అనుకోడు.

…

ఏడవటంలేదు. మీ చెల్లెలు ఏడుస్తోంది… సరే, ఇద్దరం.

…

అలాగేలే. వాడికేమీ కాలేదు కాబట్టి నేనాపింది తప్పు. బెల్టు మీది, ఎత్తుకుపోయింది నేను. ఊరంతా ఇలాగే అంటుంది. రేపు నేను ఆఫీసుకెళ్తే మా ప్యూన్ కూడా ఫైళ్ళు ఇవ్వకుండా మొహం తిప్పుకుంటాడు, అతను మీ షెడ్డు పక్కనే ఉంటాడు కదా. అననీ. ఆపకుండా ఉండి, ఇప్పుడు ఆ డాక్టరు వేరే మాట చెప్పుంటే, మనిద్దరం ఇలా ఫోన్లో తిట్టుకుంటూ ఉండేవాళ్ళమా? దానికంటే వెధవ రిఫరీ అనిపించుకుని ఇంత తిని పడుకోడం హాయి.

…

మళ్ళీ అలాగే జరిగితేనా? మళ్ళీ ఆపుతా.

…

రెండు సెకన్లున్నా ఆపుతా. గంట కొట్టేవాడు సుత్తి పైకెత్తి ఉన్నా, అది కిందికి దిగేలోపు ఆపుతా. అప్పుడూ నువ్వే ఫోన్ చెయ్యి, ఇంకెవరు తిట్టినా నాకు ఆనదు.

…

ఎవరొచ్చారు?… కండక్టర్ వాళ్ళమ్మగారా? నాతోనా? ఇప్పుడా? వద్దు బావా. ఏదో ఒకటి చెప్పు, నిద్రపోయానని చెప్పు. బావా, నా మాట విను—

నమస్కారమమ్మా. ఆ… నేనేనండీ, రిఫరీని. ఆపింది నేనే.

…

…

అయ్యో, అంతంత మాటలెందుకమ్మా. పెద్దవారు మీరు, నాకు దణ్ణాలేంటి. తిడతారనుకుని చెవి దూరంగా పెట్టుకున్నా.

…

బావ పక్కనే ఉన్నాడా?… మీరు అవతలికి వచ్చారా. సరే, చెప్పండి.

…

ఇలా ఆపేస్తే నెల రోజులు రింగు ఎక్కకూడదమ్మా. అది రూలు.

…

ఎన్ని?

…

మూడు నెలలా. అలా నేను చెప్పకూడదమ్మా. రూలంటే రూలే. ఇందాకట్నుంచీ మా బావకి అదే చెబుతున్నా, ఇప్పుడు నేనే…

…

ఆ.

…

ఏడాది నుంచీనా? అస్సలు ఒక్క వారం కూడా?… అవునులెండి, ఒక కంటి వాపు తగ్గేసరికి రెండోది. ముక్కైతే నేనూ చూశాను.

…

మూడు నెలలైతే వాపులన్నీ దిగి అసలు మొహం బయటికొస్తుందంటారు. నాన్న పోలికో మీ పోలికో కూడా మర్చిపోయారా… అమ్మా, మీరు నవ్వించకండి, మా బావకి వినపడుతుంది.

…

చూడండి, నేను రూలు మనిషిని…

…

సరే. ఏడవకండి. ఫోను ఆయనకివ్వండి. ఏమీ తెలియనట్టు మొహం పెట్టి ఇవ్వండి.

…

ఆ, బావా. ఏం లేదు, బాగా చూసుకోమన్నారు పెద్దావిడ… అన్నట్టు ఇంకో సంగతి, కండక్టర్‌కి విశ్రాంతి. గ్లవులు ముట్టుకోకూడదు. సంచి కొట్టకూడదు.

…

నెల కాదు. మూడు నెలలు.

…

కొత్త రూలు… ఈమధ్యే మార్చారు. నీకు చెప్పలేదా ఎవరూ?

…

ఎక్కడుందో చూపిస్తాలే. మూడు నెలలాగి మా ఇంటికి రా, తీరిగ్గా చూపిస్తా.

…

నా గొంతుకేమైంది? బాగానే ఉంది. నా గొంతే అంత.

…

సరేనా? ఒప్పుకుంటున్నావా? ఇంత తొందరగానా?… నువ్వెందుకు బావా నవ్వుతున్నావు? నా కొత్త రూలు నమ్మలేదు కదూ?

హలో…

హలో…