పంచదార అడిగినవాడు

కాఫీ దుకాణం వెనక గది. దీవి నుంచి వచ్చీ రాగానే మరిది తన చేతిలో పెట్టిన పచ్చి కాఫీ గింజలను పెనంలో పోసి, గుమ్మానికి వీపు పెట్టి వేయిస్తోంది వదిన.

"ఆ అగ్నిపర్వతం దీవి దాకా వెళ్ళి గుప్పెడు గింజలా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది."

"అది కాదు వదినా, కాస్త వెనక్కి తిరిగితే..."

"తిరిగితే మాడతాయి. అక్కణ్ణుంచే చెప్పు. గింజల సంచులేవి?"

"అబ్బ, ఏం నేల వదినా. అంతా బూడిదే. చెప్పులేసుకున్నా కాళ్ళు నల్లబడ్డాయి."

"సంచులు."

"పైగా సముద్రం గాలి..."

"గింజలమ్మే తోట పెద్దావిడ నీకు కాఫీ ఇచ్చిందా?"

"ఇచ్చింది. ఎంత మర్యాదస్తురాలో."

"ఎలా తాగావు?"

"నోటితోనే."

"పంచదార అడిగావా?"

"వదినా, మాడు వాసనేదో..."

"రావట్లేదు. అడిగావా?"

"ఒక్క చెంచా."

"చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాను కదరా. తన కాఫీలో పంచదార అడిగినవాడికి ఆవిడ గింజ ఇవ్వదని."

"చేదుగా ఉంటే ఏం చెయ్యను?"

"మింగాలి. ఎదురుగా ఆ అద్దాల కాఫీ దుకాణం వచ్చాక మన గుమ్మం ఎక్కేవాడే లేడు. ఈ గింజ మీదే ఆశ పెట్టుకున్నాను. ఇది కూడా లేకపోతే దుకాణం మూసుకోవడమే. నాకు భయంగా ఉందిరా."

"ఒక్కసారి నా మాట విను..."

"వినే కదా నిన్ను పంపాను. గాడిదా, నీ నాలుకని... ఉండు. మాట్లాడకు."

"ఏమైంది?"

"ష్. చిటపటమంటున్నాయి. ఇంకొక్క క్షణం... చాలు. ఆ జల్లెడ ఇలా పట్టు. చూడు, ఒక్కటైనా మాడిందా?"

"లేదు. ఇప్పుడైనా తిరుగుతావా?"

"తిరిగాను, చెప్పు. అయ్యో, ఎవరీవిడ?"

"తోట పెద్దావిడే. నాలాంటివాణ్ణి పంపినవాళ్ళని నమ్మదట. వేయించే చెయ్యి చూశాకే సంచులిస్తానని నాతోపాటే పడవెక్కింది."

"ఎప్పట్నుంచి నిలబడ్డారు?"

"ఎలుక దగ్గర్నుంచి."

"నా తిట్లన్నీ విన్నారా?"

"మన భాష రాదులే. తిట్లని మాత్రం కనిపెట్టింది."

"ఏదో అంటున్నారు. ఏమిటట?"

"నోరు మరిది మీదున్నా చెవి గింజ మీదే ఉంది, ఈ ఏటి సంచులు నీకే అంటోంది."

"నిజంగా? మరి మూడు వేళ్ళు చూపిస్తున్నారేమిటి? మూడు సంచులేనా?"

"అబ్బే, అది సంచుల సంగతి కాదులే."

"మరి?"

"నేనడిగిన పంచదార చెంచాలు."