కూత విని లాగేవాడు

మైపాడులో ఐసు ఫ్యాక్టరీ మీద ఒక గది, పొద్దున పదకొండు గంటలు. హరినాథ్‌కి గిటార్ మీద ఎన్నడూ కోపం రాదు, వచ్చిన కోపమంతా లాప్‌టాప్ మీదే వస్తుంది. అతని భార్య వినీల ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. హరినాథ్ తండ్రి పోలేరయ్య ఏసీ కింద కూర్చుని ఉన్నాడు.

"ఎనిమిదోసారి వాయించింది కూడా లేటే, హరీ."

"నేను లేటా, లాప్‌టాప్ లేటా?"

"ఎవురో ఒకరు లేటు. తెర మీద చూడు, తాళం టిక్కు ఇక్కడ పడితే నీ దెబ్బ ఇక్కడ పడింది. నలభై మిల్లీసెకన్లు."

"అయితే లాప్‌టాప్పే. నేను తీగ మీటతానా, అది తీరిగ్గా కాఫీ తాగి, పేపర్ చదివి, అప్పుడు నా చెవికి చేరేస్తది. బఫర్, అదే ఆ ఆగే టైము, ఇంకా తగ్గించు."

"నూట ఇరవై ఎనిమిది నుంచి అరవై నాలుక్కి దించినా. పాటంతా వద్దు, రొండు దెబ్బలు వాయించి చూడు."

"ఇదేంది, చిటపటమంటా ఉంది! గిటార్ రికార్డు చేస్తా ఉండావా, చెనక్కాయలు వేయిస్తా ఉండావా?"

"అంత తొందర పెడితే దానికి ఊపిరాడదు. పాత లాప్‌టాప్."

"శబ్దం పెంచే నిజం ఆంప్ పెట్టె ఉంటే ఈ తిప్పలే లేవు. మీటితే ఠపీమని మోగేది."

"నిజం ఆంప్ పెట్టిన రోజు కింద ఫ్యాక్టరీ గంగులయ్య ఐసు కొట్టే సుత్తి పట్టుకోని మెట్లెక్కినాడు, మర్చిపోయినావా? అందుకే గదా ఆంప్‌ని లాప్‌టాప్‌లోకి తెచ్చుకునింది."

"ఒరే అబ్బయ్యా, లాప్‌టాప్‌లో ఆంప్ ఉండాదంటారు, నాకు కనపడదేంది?"

"నాయనా, నువ్వు ఏసీ కోసం వచ్చినావు. ఏసీ చూసుకో."

"చూసుకుంటానే ఉండా."

"అది నిజం ఆంప్ కాదు మామా, ఆంప్ వేషం. గిటార్ శబ్దాన్ని లెక్కలేసి, ఆంప్‌లో నుంచి వచ్చినట్టు మార్చిపెడతాది. ఆ లెక్కలకి రవ్వంత టైము పడతాది. మీ అబ్బాయి బాధ అదే."

"వేషం కట్టాలంటే ముస్తాబుకి టైము పట్టదా మరి?"

"నాయనా, నువ్వు దాన్ని వెనకేసుకు రాబాక!"

"పోనీ హరీ, ఆ ముస్తాబే లేకుండా చేస్తా. లాప్‌టాప్‌లోకి పోకముందే నీ గిటార్ నేరుగా నీ చెవిలో పడేటట్టు పెట్టినా. ఇందులో ఆలస్యం సున్నా. రొండు దెబ్బలు వాయించి చూడు."

"థూ. దోమ మాదిరి ఉంది."

"దోమ మాదిరే ఉంటాది. వాయించు."

"..."

"చాలు హరీ."

"ఏంది?"

"దోమ కూడా లేటే. నలభై."

"అయితే తెర మీద ఆ గీతలు అబద్ధం. కొలిచే త్రాసులోనే మోసముంది."

"త్రాసు కూడా చూసినా. నువ్వు ఇందాక టీకి పోయినప్పుడు ఒక వైరు తీసి, శబ్దం బయటికొచ్చే చోట ఒక కొస, లోపలికి పోయే చోట ఒక కొస గుచ్చినా. టిక్కు పంపించి, తిరిగొచ్చేదాకా కొలిచినా. తొమ్మిది మిల్లీసెకన్లు వచ్చింది."

"తొమ్మిదా?"

"తొమ్మిదే. ఆంప్‌కి పది అడుగుల అవతల నిలబడితే అంతే ఆలస్యం. స్టేజీ మీద నువ్వు రోజూ అంతకన్నా దూరంగానే గంతులేస్తా ఉంటావు. పైగా ఆ తొమ్మిది కూడా రికార్డింగులో అదే సరిచేసుకుంటాది."

"మరి పోయిన నెల ఆ మద్రాసు మ్యూజిక్ డైరెక్టరాయనకి పంపిన పాటలో గిటార్ టయానికి పడలా? పోయినేడు మనూళ్ళో రేవతి పెళ్ళి పాటలో పడలా? అదే లాప్‌టాప్, అదే చెయ్యి. ఈ పొద్దే ఏం రోగమొచ్చింది?"

"నీళ్ళు తాగుతావా?"

"నీళ్ళెందుకు?"

"ఊరికే."

"వినీలా."

"పన్నెండు లోపల ఈ పాట పంపకపోతే మద్రాసాయన కీబోర్డు మీదే గిటార్ వాయించేసుకుంటానన్నాడు. నీ పేరు పోతాది. ఇంకోసారి వాయించు, మాటలెందుకు?"

"వినీలా, ఆ పాటల్లో ఎట్టా పడింది టయానికి?"

"...నేను జరిపినా."

"ఏంది జరిపింది?"

"నీ దెబ్బల్ని. మౌసు పెట్టి, ఒక్కోదాన్నీ పట్టుకోని, టిక్కు మీదికి తోసినా. రొండేళ్ళుగా తోస్తానే ఉండా. ఈ పొద్దు కుదరదు. కత్తిరించకుండా, జరపకుండా ఉన్నది ఉన్నట్టు పంపమని మెసేజి పెట్టినాడు ఆయన."

"రొండేళ్ళా? మరి లాప్‌టాప్ లేటు, లాప్‌టాప్ లేటు అని నువ్వే గదా..."

"నువ్వు లేటంటే గిటార్ గోడకి తగిలించి రొయ్యల గుంటల్లో పనికి పోతావని భయమేసింది. లాప్‌టాప్‌ని ఎన్ని తిట్టినా అది అలగదు గదా."

"ఊరంతా నన్ను టయానికి వాయించేవాడని అనుకుంటా ఉంది. నేనూ అట్టనే అనుకుంటా ఉండా. సిగ్గుగా ఉండాది వినీలా."

"అమ్మే, నేనొక మాటంటా. ఆ టిక్కు టిక్కు ఏంది?"

"అది తాళం మామా. దాంతో పాటే వాయించాలి."

"దాంతో పాటెక్కడ వాయిస్తా ఉండాడు? అది టిక్కంటా ఉంది, వీడు విని, బిగబట్టి, అప్పుడు లాగతా ఉండాడు. వీడు గిటార్ వాయించడం లా. పెద్దవల లాగతా ఉండాడు."

"నాయనా, ఇప్పుడు వల సంగతెందుకు?"

"చెప్పేది వినరా. ఒడ్డున తాడు పట్టుకోని ముప్పై మంది నిలబడతాం గదమ్మే. నేను 'ఏలేలో' అని కూతేస్తా. కూతతో పాటు ఎవుడూ లాగకూడదు. కూత పడినాక, ఆ రవ్వంత బిగి చూసుకోని, అందరూ ఒక్కటిగా లాగాలి. వీడికి పదేళ్ళప్పుడు తాడిచ్చినా. కూతతో పాటే లాగి, ముందోడి వీపు మీద పడి మూతి పగలగొట్టుకున్నాడు. ఆ దెబ్బకి నేర్చుకున్నాడు, ఇదిగో, ఇప్పటికీ మరవలా."

"అందుకేనా మామా, ప్రతి దెబ్బా ఒక్క లెక్కన నలభై? ఒకటి ముప్పై, ఒకటి యాభై అయితే చేతకానితనం అనుకోవచ్చు. అన్నీ నలభయ్యే."

"నేను నేర్పింది మరి. రేయ్, లాగేవాడు కూత వింటాడు. కూతేసేవాడు దేన్నీ వినడు, వాడి గుండెల్లో నుంచి వస్తాది. ఈ పొద్దు తాడు వదిలెయ్. కూత నువ్వే వెయ్."

"చెప్పినంత తేలికా?"

"పన్నెండుకి ఇరవై నిమిషాలుంది హరీ. కళ్ళు మూసుకో. రికార్డింగ్."

"..."

"..."

"అయిపోయింది. లేటు ఎంత?"

"మూడు."

"మూడు తక్కువ నలభయ్యా?"

"మూడే! నాలుగు నిమిషాల పాటంతా మూడు దాటలా. తొమ్మిదోసారికి దక్కినావురా హరీ!"

"రా అంటా ఉండావు, మీ మామ ఎదురుగానే."

"అననీలేరా. మొగుడు బాగుపడిన సంతోషం."

"పంపుతా ఉండా. నెట్టు నత్త మాదిరి ఉంది... పోతా ఉంది... పోయింది. పదకొండు యాభై రొండు."

"వినినాడా? మెసేజి కింద గుర్తులు నీలమైనాయా?"

"అయినాయి. టైపు చేస్తా ఉండాడు. ఆపినాడు. మళ్ళా చేస్తా ఉండాడు."

"వద్దన్నాడా? చెప్పు, పర్వాలా. వద్దంటే వద్దనే చెప్పు."

"ఉండు, చదవతా. 'ఇంతకు ముందు పంపినవి బాగుండినాయి, అంతే. అట్టా వాయించేవాళ్ళు నాకిక్కడ వందమంది ఉండారు. జరపొద్దని అందుకే అడిగినా. ఇది వేరే. ఇది ఈయన చెయ్యి. మిగిలిన నాలుగు పాటలకి కూడా ఈయనే వాయించాల.'"

"నాలుగా! నాయనా, నాలుగు పాటలు!"

"చూసినావా? మద్రాసులో కూడా నా పాఠమే చెల్లింది. అమ్మే, ఇంకా ఉందే, కిందికి జరుపు. నా గురించేమన్నా రాసినాడేమో."

"'ప్రతి దెబ్బా తాళం పడినాక రవ్వంత ఆగి పడతా ఉంది, ఏదో బరువు లాగతా ఉన్నట్టు. ఆ ఆగడం ఒక్కటీ పోనీబాకండి.'"

"ఆగడమేంది? ఇప్పుడు నేను ఆగలా గదా? వినీలా, మూడన్నావు గదా? వినీలా, ఎందుకట్టా చూస్తా ఉండావు?"

"రొండిటికీ ఫైనల్ అనే పేరు పెట్టినా హరీ. తొందర్లో పోయింది ఎనిమిదోది, ఆ నలభై లేటుది... రొండేళ్ళుగా నేను కూర్చోని తుడిచేసింది నిన్నే."