పచ్చగుర్తును నమ్మని కంగారక్క

పందొమ్మిది వందల తొంభై ఎనిమిది జూలై ఆరవ తేదీన మా హెచ్.ఐ.వి. చికిత్సా కేంద్రంలో సలహాదారుగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి నేటి వరకు, శ్రీమతి 'కంగారక్క' గారు నిశ్చింతగా కూర్చున్న ఘడియను చూసినవారు మాలో ఎవరూ లేరు. ఆ పేరు మేము పెట్టిందే. వారు దానిని నవ్వుతూ స్వీకరించడం వారి సహృదయతకు నిదర్శనం.

తొలి సంవత్సరాలలో యువతీయువకులు పరీక్ష గది గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగేవారు. పేరు చెప్పకుండా ఫోను సందేశాల్లోనే సందేహాలు అడిగే సేవ మొదలయ్యాక, కండోముల గురించి అడగడానికి నోరు రాని పిల్లలకు అక్క గారే ఓపికగా సమాధానాలు రాశారు. అనంతరం, మందులు వాడేవారికి రోజూ "వేసుకున్నారా?" అని దానంతటదే సందేశం పంపే ఏర్పాటు వచ్చింది. జవాబు వస్తే తెరపై పచ్చగుర్తు పడేది, మేము ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

హాస్టల్లో ఉండే ఒక విద్యార్థినికి (ఆమె అనుమతితోనే రాస్తున్నాం) ఒక్క పచ్చగుర్తూ తప్పలేదు. మేము మెచ్చుకుంటుంటే అక్క గారి గుండెల్లో రాయి పడింది. సందేశం వెళ్ళిన మరుక్షణమే జవాబు. చదివే వ్యవధి కూడా లేదు. జ్వరమొచ్చినా అంతే. ఇక ఆగలేక ఫోన్ చేశారు.

"నిజం చెప్పమ్మా. వేసుకుంటున్నావా?"

"లేదక్కా. గదిలో వాళ్ళు డబ్బా చూస్తారని మానేశా. జవాబు దానంతటదే వెళ్ళేట్టు పెట్టా. మీరు బెంగపడతారని."

"నేను పడితే పడతాలే. రేపు వచ్చెయ్. ఆలస్యంగా జవాబివ్వు, అసలివ్వకపోయినా సరే, ఫోను చేత మాత్రం చెప్పించకు."

రక్తంలో వైరస్ అప్పటికే పెరిగింది. మందులు గుట్టుగా దాచుకునే దారి చూపి, మళ్ళీ మొదలుపెట్టించారు. తదుపరి పరీక్ష ఫలితం వచ్చేదాకా అక్క గారికి ముద్ద దిగలేదని వారి శ్రీవారు చెబుతారు. వైరస్ అదుపులోకి వచ్చింది.

అక్క గారి అభినందన కోసం వేస్తున్న ఈ సంచిక పనిలో మేమున్న సాయంత్రం ఆ అమ్మాయి జవాబు ఎంతకీ రాలేదు. అక్క గారికి కాలు నిలవలేదు. చివరకు తెర వెలిగింది: "బస్సు ఆలస్యమైంది. ఇప్పుడే వేసుకున్నా. మీ బీపీ మాత్ర వేసుకున్నారా అక్కా?"

వేసుకోలేదు. మా ఎదుటే సంచి వెతికి వేసుకున్నారు.

ఇకపై అక్క గారు తమ ఆరోగ్యం గురించి కూడా అంతే కంగారుపడుతూ, కుటుంబంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఆ అమ్మాయి అడిగినప్పుడల్లా, ఆలస్యంగానైనా సరే, తామే జవాబివ్వాలని మనసారా కోరుకుంటున్నాం.