టుక్ అంటే ఎన్ని అర్థాలు

జహీరాబాద్, 1984. బస్టాండు వెనక సందులో టైపు, ఇంగ్లీషు నేర్పే గది. నేర్పేది మణి మేడం. నేర్చుకునేది పటేలు కొడుకు ఇంద్రసేన. పక్కన కుర్చీలో రిటైరైన హెడ్మాస్టరు జగన్‌మోహన్ సారు.

"టుక్ అంటే తీస్కున్నడు. అంతే గద మేడం? దానికి గింత సేపా?"

"అంతే అయితే మూడుసార్లు ఇంటర్వ్యూల ఎందుకు తప్పిన్రు ఇంద్రసేన గారూ? చెప్పున్రి, హి టుక్ టీ. ఏమన్నట్టు?"

"చాయ్ తీస్కున్నడు."

"చాయ్ తాగిండు. హి టుక్ ద ఎగ్జామ్?"

"పరీక్ష... తీస్కున్నడు?"

"పరీక్ష రాసిండు. హి టుక్ ద బస్?"

"బస్సు తీస్కపోయిండు."

"బస్సును ఎవడు తీస్కపోతడు? బస్సెక్కి పోయిండు. నవ్వకున్రి జగన్‌మోహన్ సార్, చిన్నప్పుడు ఈయనకు ఇంగ్లీషు చెప్పింది మీరే గద."

"నేను చెప్పిన్నమ్మా, ఈయన ఇనలే. పటేలు కొడుకును కొట్టనీకె వస్తదా? అది సరే మేడం, నన్నెందుకు పిలిపించిన్రు? చిట్టీల ఏం రాయలే. నాకు న్యాల్‌కల్ బస్సున్నది."

"పోదురు తియ్యిన్రి సార్, చాయ్ చెప్పిన. ఇంద్రసేన గారూ, ఇట్ టుక్ ఎయిట్ మంత్స్."

"ఎనిమిది నెలలు తీస్కున్నది. కాదు కాదు, తాగింది. మేడం, ఒక్క మాట గిన్ని ఏషాలేస్తదా? పగటి ఏషగాని లెక్క!"

"పట్టింది. ఎనిమిది నెలలు పట్టింది. ఒక పిల్లకు ఒక్క మాట అర్థం తెల్వనీకె ఎనిమిది నెలలు పట్టింది. రాసుకోన్రి."

"గంత మొద్దు పిల్లనా?"

"మొద్దే. ఇగ మీరొక వాక్యం చెప్పున్రి, మీ సొంతం. చిన్నప్పుడు మీరేమన్న తీస్కున్నది."

"ఐ టుక్... ఐ టుక్ మ్యాంగో."

"ఎవరి తోటల?"

"మా తోటనే."

"మీ తోటల కాయ మీరు కోసుకుంటే అదేం ముచ్చట? వేరేటోళ్ళది చెప్పున్రి. సోమవారం స్టోర్ కీపర్ ఇంటర్వ్యూల ఫ్యాక్టరీ ఆఫీసర్లు మీ గురించి చెప్పుమంటరు. జూటా చెప్తే నాలుక తడబడతది, నిజం చెప్తే ఇంగ్లీషు కూడ దానంతటదే వస్తది. సిగ్గెందుకు, చిన్నప్పటి కొంటె పనులు అందరికుంటయి."

"ఒకటున్నది మేడం. సారు ముంగట చెప్పొచ్చునో లేదో."

"పాత ముచ్చట్లెందుకు ఇంద్రసేనా? ఆవు మీద చెప్పు, బర్రె మీద చెప్పు. నేను పోతనమ్మా, బస్సు పోతది."

"కూసోన్రి సార్, చాయ్ వస్తున్నది. మీరు చెప్పున్రి ఇంద్రసేన గారూ."

"ఏడో తరగతిల ఇన్స్పెక్టరు వచ్చిండు, జీపుల. టేబుల్ మీద పెన్ను పెట్టిండు, బంగారు రంగు మూత. ఐ టుక్ ద పెన్. కరెక్టేనా?"

"నూటికి నూరు కరెక్టు. ఇంకోసారి."

"ఐ టుక్ ద పెన్."

"గట్టిగ."

"ఐ టుక్ ద పెన్! చాలా?"

"చాలు. తర్వాత ఏమైంది? తెలుగుల చెప్పున్రి."

"ఏమైతది? పెన్ను మా గడ్డివాముల దాచి మళ్ళ బడికొచ్చిన. ఆడ ఎవరో ఒక పిల్ల, నేనే తీసిన్నని ఒప్పుకున్నది! ఎందుకొప్పుకున్నదో దేవునికెరుక. ఇంటికి పోయి పొట్ట పట్టుకొని నవ్విన."

"ఎవరో ఒక పిల్ల."

"మా ఇంట్ల జీతమున్న గుండయ్య బిడ్డ. పేరు యాదికొస్తలే."

"బాలమణి."

"ఆ, బాలమణి. బాల... మణి... నువ్వా? నువ్వు గుండయ్య బిడ్డవా?"

"మీరు కాడికెల్లి నువ్వు కాడికి ఒక్క గుక్కల దిగినవు. మంచిదే, నేను కూడ దిగుత. అవు ఇంద్రసేనా. చావడి ముంగట మీ నాయిన చెప్పుతోని కొట్టిన గుండయ్య బిడ్డనే. గా దినం కెల్లి మా నాయిన తలెత్తి నడవలే. రెండేండ్లకు పోయిండు. మా అవ్వ చెన్నమ్మ ఎవరింటికి పోయినా ఇప్పటికీ చెంబులు లోపల పెట్టుకుంటరు. దొంగదాని తల్లి వచ్చింది, జర పైలం అంటరు, ఆమెకు ఇనబడేటట్టే."

"మరి పెన్ను గురించి అడిగితే నువ్వు లేసి ఎస్ సార్ అని ఎందుకన్నవు?"

"తెల్వక అన్న! బడిలకెల్లి పేరు కొట్టేస్తే బీదర్‌ల సీతాబాయి చిన్నమ్మ ఇంటికి పోయి, బాసన్లు తోముకుంట సదివిన. ఎనిమిది నెలలకు ఆడ టీచరమ్మ బోర్డు మీద టుక్ అని రాసి అర్థం చెప్పింది. గప్పుడు తెలిసింది నేను దేనికి ఎస్ సార్ అన్ననో. క్లాసులనే బోరున ఏడ్చిన. గా మొద్దు పిల్లను నేనే."

"అర్థం కాకుంటె గమ్మున ఉండాలె గద?"

"సారే నేర్పిండు గద! నీకు యాది లేదా? వారం దినాలు బట్టీ పట్టించిండు. ఇన్స్పెక్టరు సాబు ముంగట ఇంగ్లీషుల ఏమడిగినా సరే, లేసి నిలబడి, చేతులు కట్టుకొని, ఎస్ సార్ అనాలె. క్లాసుకు క్లాసు అన్నం. నీ పేరేంది అన్నా ఎస్ సారే, ఎండ కొడుతున్నదా అన్నా ఎస్ సారే. అవునా సార్?"

"బస్సు పోతది బిడ్డా."

"పోనియ్యిన్రి, ఇంకోటొస్తది. ఇంద్రసేనా, గీ కాగితం చూడు, తెలుగుల కొట్టి పెట్టిన. పెన్ను నేను తీసిన, బాలమణి తియ్యలే అని ఉన్నది. నువ్వు సంతకం పెట్టు, సారు సాక్షి సంతకం పెడుతడు. రేపు మన ఊరి చావడి కాడ నిలబడి నువ్వే చదవాలె. మా అవ్వ ముంగట కూసుంటది."

"పిచ్చి లేసిందా? మా నాయిన బతికే ఉన్నడు. ఊర్లె మా ఇజ్జత్ ఏం గావాలె?"

"మా ఇజ్జత్ ఏమైందో గదే గావాలె! చదవకుంటె నీకన్న ముందే సోమవారం నేను ఫ్యాక్టరీ గేటు కాడుంట. స్టోరు తాళాలు ఎవరి చేతికిస్తున్నరో చెప్పి వస్త. సంతకం పెట్టకున్నా ఫికర్ లేదు, నువ్వు చెప్పింది సారు చెవులార ఇన్నడు."

"పన్నెండేండ్ల పోరడు చేసినదానికి గింత పగనా?"

"పన్నెండేండ్ల పోరికి పడ్డ శిక్షకు గింత పగ. పదమూడేండ్లు సాదిన, పొత్తిళ్ళ బిడ్డను సాదినట్టు సాదిన. నువ్వు ఇంటర్వ్యూల తప్పుతున్నవని తెలిసి ఇంగ్లీషు నేర్పుతనని కబురు పంపింది నేనే. నిన్ను చూస్తె నాకు కడుపుల మంట. నువ్వు ఏడుస్తె చూడాలె, నా కండ్లు సల్లబడాలె."

"మరి సారునెందుకు పిలిచినవు?"

"నాకు అ ఆ లు దిద్దించిన సారు. ఆయన ముంగట దొంగనైన, ఆయన ముంగటనే కడుక్కోవాలె. పాపం, ఆయనకేమెరుక? గీ పొద్దన్న ఎరుక గావాలె."

"ఆయనకు ఎరుక లేదా? నన్నొక్కన్నే పట్టుకొని కొడుతున్నవు గని, పెన్ను జేబుల పెట్టుకుంటుంటె సారు చూసిండు. చూసి మొకం తిప్పుకున్నడు. ఆయన్నే అడుగు!"

"థూ! నీ పాపం సారు మీదికి తొయ్యకు. సార్, అబద్ధమని చెప్పున్రి."

"నాకు చాయ్ వద్దు బిడ్డా."

"చాయ్ ముచ్చట కాదు సార్. మీరు చూసిన్రా?"

"నలుగురు పిల్లలు నాకు. పటేలు ఇంట్లనే ఉంటుంటి. జీపు ముంగట ఇన్స్పెక్టరు పెన్ను పెన్ను అని గావర గావర చేస్తుండె."

"చూసిన్రా, లేదా?"

"చూసిన."

"చూసి నన్ను లేపిన్రా? ముప్పై మందిల నన్నే లేపి, యూ టుక్ ద పెన్ అని ఎందుకు అడిగిన్రు సార్?"

"ఎవరో ఒకరు ఒప్పుకోవాలె గద బిడ్డా. తెలుగుల అడిగితే కాదంటవని, ఇంగ్లీషుల అడిగిన."