ఆకుపచ్చ కార్బన్ ఫ్రేముకు నేను వేసిన నలుపు

నా పేరు గుండ్ల సుందర్ రావు, తండ్రి దావీదు (లేటు), వయసు 49 సంవత్సరాలు, వృత్తి కార్లకు రంగు వేయడం, నివాసం సుబేదారి, హనుమకొండ. ఈ రోజు, అనగా 2025 ఫిబ్రవరి 1, శనివారం ఉదయం 9.40 గంటలకు నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. నన్ను ఎవరూ పిలవలేదు.

నేను ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పాత కారు కొనేవాళ్లు నన్ను వెంట తీసుకుపోతారు. డోరును వేలి గణుపుతో తట్టి, సొట్టలో పట్టీ ముద్ద నింపి పైన రంగు కొట్టారో లేదో చెబుతాను. రేకు మోగుతుంది, పట్టీ మోగదు. ఈ పని వల్ల నాకు మనుషుల మీద కూడా నమ్మకం తక్కువ. ఏడాదిగా ఇంటి డాబా మీద హెల్మెట్లకు, సైకిళ్లకు కూడా రంగు వేస్తున్నాను.

జనవరి 20, సోమవారం ఉదయం 8.30కి హరికృష్ణ మా ఇంటికి వచ్చాడు. అతను పాత సైకిళ్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. దుప్పటిలో చుట్టి ఒక సైకిల్ ఫ్రేము తెచ్చాడు. చక్రాలు లేవు, హ్యాండిల్ లేదు, ఆకుపచ్చ రంగు. అది గీకేసి నలుపు వేయమన్నాడు. ఒక చేత్తో ఎత్తి చూశాను, కోడిపెట్ట బరువు కూడా లేదు.

“అన్నా, గిది కార్బన్ ఫైబర్, ఇనుము గాదు. రంగు లేపే రిమూవర్ పొయ్యకు, వేడి పెట్టకు. వాటర్ పేపర్ తోనే గీకు. ముందట గొట్టం కాడ మాత్రం పైపైన పో” అన్నాడు.

ఎందుకని అడిగాను. “ఆడ జర పెయింట్ లేసింది, గంతే. ఫికర్ చెయ్యకు” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా ముఖం చూడలేదు, మా మెట్ల వైపు చూశాడు. సైకిల్‌కు దుప్పటి ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది.

మంగళ, బుధవారాలు డాబా మీద తీగకు ఫ్రేము వేలాడదీసి, రంధ్రాలకు టేపు వేసి, నాలుగు వందల నంబరు గరుకు కాగితం నీళ్లలో ముంచి రుద్దాను. కార్బన్ పొడి నల్లగా ఉంటుంది, చేతులు దురద పెడతాయి. రంగు పోయి లోపలి నల్లటి నేత కనబడగానే చెయ్యి ఆపాలి. ఆ నేతే దాని బలం.

22వ తేదీ బుధవారం ఉదయం 11.15కి, హరికృష్ణ పైపైన పొమ్మన్న చోటికి వచ్చాను. హ్యాండిల్ కింద లావు గొట్టం మొదలయ్యే చోటు అది. పైపైన పోలేదు. చెప్పినవాడి మీద అనుమానం ఉంది కాబట్టి బాగా రుద్దాను. చిటికెన వేలి పొడవున ఒక గీత కనిపించింది. గోరుతో గీస్తే గోరు అందులో చిక్కింది. గణుపుతో తట్టాను. మిగతా గొట్టమంతా టక్కుమంది, అక్కడ మోగలేదు. మూడుసార్లు తట్టాను. మూడుసార్లూ మోగలేదు.

11.30కి హరికృష్ణకు ఫోన్ చేసి పగులు ఉందని చెప్పాను. “కారు డోరుకు పట్టీ పెడ్తవు గద, గిది గూడ గంతేనే” అన్నాడు. నేను పట్టీ పెట్టాను. ఆరాక రుద్ది, ప్రైమర్ వేసి, మూడు పూతలు నలుపు, పైన మెరుపుకు రెండు పూతలు క్లియర్ కొట్టాను. కారు రేకు సొట్టలో పట్టీ నింపితే ఎవరి ప్రాణానికీ ప్రమాదం లేదు. సైకిల్ కూడా అంతే అనుకున్నాను. అలా అనుకున్నానని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. అలా అనుకుంటే పని పూర్తవుతుంది కాబట్టి అనుకున్నాను. రంగు చాలా బాగా వచ్చింది. దానిలో నా ముఖం కనబడింది.

27వ తేదీ సోమవారం హరికృష్ణ ఫ్రేము తీసుకుపోయాడు. మనసు ఉండబట్టలేక మర్నాడు సాయంత్రం 4 గంటలకు సైకిల్ మెకానిక్ కుమారస్వామిని అడిగాను, ఎవరి సైకిలో చెప్పకుండా. “ఇనుమైతే వంగుతది అన్నా, వంగి మనకు చెప్తది. కార్బన్ చెప్పది. ఒక్కసారే తెగుతది” అన్నాడు. ఇంటికి వచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

31వ తేదీ శుక్రవారం సాయంత్రం 5.20కి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు స్నేహలత, 25 ఏళ్లు ఉంటాయి, స్కూల్లో ఆటల టీచరు. ఆమె తెచ్చిన సైకిల్ నేను రంగు వేసిన ఫ్రేమే, చక్రాలు బిగించి ఉన్నాయి. హరికృష్ణ దగ్గర కొన్నానని చెప్పి, తన పేరు దాని మీద రాయమంది. “ఆదివారం పొద్దుగాల అయిదింటికి మేడారం దాకా పోతానం అంకుల్, పదిమందిమి. ఫ్రేముకు దెబ్బ ఉందా అని అడిగితే, సుందరన్న మొత్తం తట్టి చూసిండు, మంచిగుంది అన్నడు హరికృష్ణ” అంది.

అప్పుడే నేను చెప్పాల్సింది. చెప్పలేదు. నేను నోరు విప్పుతానేమో చూసి రమ్మని హరికృష్ణే ఈమెను పంపాడని అనుమానించాను. అందుకే ఆమె సంచి చూశాను, ఫోన్ రికార్డింగులో పెట్టిందేమో అని చూశాను. ఆ పిల్ల మాత్రం గోడకు ఆనుకుని మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగింది. సన్న బ్రష్‌తో, తెల్ల రంగుతో, తెలుగులో పేరు రాశాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె రెండుసార్లు థాంక్స్ చెప్పి వెళ్లింది.

రాత్రి అన్నం తినలేకపోతే నా భార్య మరియమ్మ అడిగింది. చెప్పాను. “ఊరందర్ని అనుమానపడ్తవు. గా పిల్ల ఎల్లుండి పొద్దుగాల దాని మీద ఎక్కుతది. పేరెట్ల రాసినవయ్యా?” అంది. స్నేహలత ఫోన్ నంబరు నా దగ్గర లేదు. హరికృష్ణను అడిగితే ఇవ్వడు. అందుకే పొద్దున్నే ఇక్కడికి వచ్చాను.

ఎస్సై గారు హరికృష్ణను పిలిపించి, అతని ద్వారా స్నేహలతను సైకిల్‌తో సహా రప్పించారు. 12.10కి స్టేషన్ వరండాలో, అందరి ముందు, నేను తెచ్చుకున్న వాటర్ పేపర్‌తో ఆ చోట రుద్దాను. క్లియర్ పోయింది, నలుపు పోయింది, ప్రైమర్ పోయింది, పట్టీ ఊడింది. పగులు 22వ తేదీన చూసినదానికంటే పొడుగ్గా ఉంది. “నాకేం ఎర్క సార్, పెయింట్ జేసింది ఆయన” అన్నాడు హరికృష్ణ. స్నేహలత అతని వైపు చూడలేదు. పగులు మీద గోరు పెట్టి చూసి నన్ను అడిగింది.

“నిన్న నా పేరు రాసేటప్పుడు మీకు తెలుసా అంకుల్?”

తెలుసమ్మా అన్నాను.

రాసే కానిస్టేబుల్ ఆ ప్రశ్నను, నా జవాబును వదిలేశాడు. అవి కూడా రాయమని నేనే అడిగాను.

పై విషయాలన్నీ నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఒక్క మాట కూడా తీసెయ్యమని కోరడం లేదు. ఎవరి బలవంతం లేకుండా సంతకం చేస్తున్నాను.

(సం) గుండ్ల సుందర్ రావు
01-02-2025, మధ్యాహ్నం 1.35