మోకాళ్ల మొక్కు

పోర్చుగల్‌లో, చేపల రేవు పక్కన చిన్న ఫుట్‌బాల్ మైదానం. మే నెల, ఆదివారం మధ్యాహ్నం. సిమెంటు మెట్ల మీద ఇద్దరు పాత ఆటగాళ్లు. బెల్మీరు పక్కన రెండు చంక కర్రలు. గాస్పర్ చేతిలో ఉప్పు నీళ్లలో నానబెట్టిన గింజల పొట్లం.

"ఆ తొమ్మిదో నంబరువాణ్ణి చూడరా గాస్పర్. ఒకప్పుడు నేనేసుకున్న చొక్కా, తర్వాత నువ్వేసుకున్న చొక్కా. వీడేమో బంతి వస్తుంటే కుక్క మీదికొస్తున్నట్టు పక్కకి జరుగుతున్నాడు."

"చిన్నవాడు బావా. నేర్చుకుంటాడులే."

"ఆ వయసుకి నేను ఒక్క ఏడాదిలో పందొమ్మిది గోల్స్ కొట్టాను. సరే, అది పోనీ. నేనడిగింది చెప్పు."

"ఈ గింజలు ఇవాళ మరీ ఉప్పుగా ఉన్నాయి."

"మాట మార్చకు."

"ఏమడిగావు?"

"మళ్లీ మొదటికా? రేపు ఫాతిమా యాత్రకి పోదాం, నీ బండిలో. పదమూడో తారీఖు పండక్కొచ్చిన జనం వెళ్లిపోయి ఖాళీగా ఉంటుంది. మేరీమాత గుడి దాకా నువ్వు మోకాళ్ల మీద వెళ్లు. పక్కన నేను కర్రలతో నడుస్తా. మొక్కు నాది, మోకాళ్లు నీవి. ఫాదరు గారిని అడిగాను, చెల్లుతుందన్నారు."

"నా నడుము సంగతి నీకు తెలుసుగా."

"నిన్న పడవ లాగుతుంటే చూశాను నీ నడుముని."

"వాన పడేట్టుంది."

"పడనీ. మోకాళ్లకి తొడుగులు కూడా అమ్ముతున్నారట ఇప్పుడు, ముసలమ్మలు కూడా కట్టుకుని వెళ్తున్నారు. ఒరేయ్, గురువారం మా ఆవిడ ఒతీలియాకి ఆపరేషన్. డాక్టరేమన్నాడో తెలుసా? తెరిచి చూస్తాం, చెయ్యడానికేం లేకపోతే మళ్లీ మూసేస్తాం అన్నాడు. పెట్టె సంగతి చెప్పినట్టు చెప్పాడు."

"చెల్లెమ్మకి తెలుసా?"

"తెలుసు. నా చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి పెట్టింది, ఏడాదికి సరిపడా. అది చూశాక నాకు నిద్ర లేదు."

"దానికీ నీ పాత మొక్కుకీ ఏంటి సంబంధం?"

"అంతా ఆ తీర్చని మొక్కు వల్లే. కప్పు పోటీలో లిస్బన్ వాళ్ల మీద ఆడే ముందు మొక్కుకున్నాను. ఒక్క గోల్ ఇప్పించు తల్లీ, మోకాళ్ల మీద వస్తానని. ఎనభై ఎనిమిదో నిమిషంలో ఇప్పించింది. ఊరు ఊరంతా నన్ను భుజాల మీద మోసింది."

"మోశారు. నేనూ ఒక కాలు పట్టుకున్నాను."

"వెంటనే వెళ్లాల్సింది. కోచ్ ఆపాడు. నిన్ను కొనడానికి లిస్బన్ నించి మనుషులొచ్చారు, ఇప్పుడు నీ మోకాళ్లు రాళ్ల మీద గీకుతానంటే ఎట్లారా అన్నాడు. సీజన్ అయ్యాక చూద్దామనుకున్నా. ఏరు దాటాక తెప్ప తగలేశాను. నెల తిరక్కుండా మోకాలు పోయింది. ఆ పైన అయిదేళ్లు ఇంజెక్షన్లు పొడిపించుకుంటూ మూడో డివిజన్‌లో కుంటుతూ ఆడాను. తర్వాత ముప్పై ఏళ్లు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో. ఇప్పుడు వంచుదామన్నా వంగని కాళ్లు. ఆ తల్లి నా మీద కసి తీర్చుకుంది, సరే. ఒతీలియా ఏం చేసింది?"

"లిస్బన్ వాళ్లు నీకు బదులు నన్ను తీసుకుపోయారు బావా."

"తీసుకుపోతే? నా కడుపేం మండలేదు. నా కాలు విరిగిన వారానికే నువ్వు ఫాతిమా వెళ్లొచ్చావు. నీ ప్యాంటు మీద రక్తం చూసి ఒతీలియా ఏడ్చింది. వీడు మనవాడే అనుకున్నాం. అందుకే దెల్ఫీనా పుడితే నీ చేతుల్లో పెట్టి జ్ఞానస్నానం చేయించాం. అప్పుడు నా కోసం వెళ్లినవాడివి, ఇప్పుడెందుకు వెళ్లవు?"

"గోల్ కొట్టబోయాడు చూడు."

"గోడకి కొట్టాడు. చెప్పు."

"మా ఆవిడ లుదోవినా పోయే ముందు కూడా వెళ్లాను, మోకాళ్ల మీదే. మాత వినలేదు. నా మాట ఇక వినదు బావా. నన్ను తీసుకెళ్తే మీకే చెడు."

"ముప్పై ఆరేళ్ల కింద వెళ్లినప్పుడు మాత్రం విన్నదా? నా కాలు బాగుపడిందా? అయినా వెళ్లావుగా."

"నీ కాలు కోసమని నేనెప్పుడైనా అన్నానా?"

"అనాలేంటి? నా మంచం పక్కన..."

"అనలేదు. మీరే అనుకున్నారు. చెల్లెమ్మ నా మోకాళ్లకి మందు రాస్తుంటే నేను నోరు మూసుకున్నాను."

"మరి దేనికెళ్లావు?"

"వదిలెయ్ బావా."

"దేనికిరా?"

"నాలుగేళ్లు నీ వెనక రిజర్వు ఆటగాళ్ల బల్ల మీద కూర్చున్నాను. చలిలో, వానలో. ఆ రాత్రి ఊరంతా నిన్ను మోస్తుంటే నేను బూట్ల గదిలో కూర్చుని మొక్కుకున్నాను. వీడు పడిపోతే, నేను ఆడగలిగితే, వచ్చి మోకాళ్ల మీద నడుస్తానని. నువ్వు పడ్డావు. నేను మొక్కు తీర్చుకొచ్చాను. సిగ్గుతో చస్తున్నా, ముప్పై ఆరేళ్ల నించీ."

"నేను పడాలనా?"

"అవును బావా, తిట్టు. ఆ కర్రతో కొట్టు."

"ఎన్నాళ్లకి?"

"ఏంటి?"

"నువ్వు మొక్కుకున్న ఎన్నాళ్లకి పడ్డాను?"

"అదెందుకిప్పుడు? బుధవారం రాత్రి మొక్కుకున్నా. ఆదివారం వదిలి, ఆదివారం వదిలి, ఆ పై ఆదివారం. పద్దెనిమిది రోజులు."

"అంటే నీ మాట ఆమె విన్నది, పద్దెనిమిది రోజులకి. గురువారానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఆ కర్రలిటివ్వు. లేరా, రేపటిదాకా వద్దు, ఇప్పుడే పోదాం."