నేనుండంగానే

రూపశ్రీ షిఫ్టు ముగించుకొని వచ్చేసరికే నగరి మరమగ్గాల వీధిలో కరెంటు పోయి ఉంది. రోజంతా చెవులు చిల్లులు పడే చప్పుడులో ఏ మాటనైనా దాటేయవచ్చు గానీ, ఈ నిశ్శబ్దంలో మామ చెంగల్రాయుడికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం రూపశ్రీకి చేతకాలేదు.

"వద్దంటే ఎట్లమ్మా? రిజిస్ట్రారు ఆఫీసు కాడ మాట్లాడి వచ్చేసినా."

"ఇల్లు నాకు రాసిచ్చేది ఏంటికి మామా?"

"రాసిచ్చేది కాదు తల్లీ. రాసిస్తే ఈ పొద్దు నుంచే నీదయిపోతాది, నేనూ మీ అత్తా నీకు బాడుగ కట్టాల. ఇది వీలునామా. నేనుండేదాకా నాది, పోయినాక నీది."

"అట్లయితే ఇప్పుడేం తొందర? గట్టిగానే ఉండారు గదా."

"నా కొడుకు మునిశేఖర్ గట్టిగా లేడా? పుత్తూరు పోయి నూలు తెస్తా నాయనా అని బండెక్కినోడు మళ్లా ఇంటికి రాలే..."

"ఆ మాట వద్దు మామా."

"సరే, వద్దు. రేపు పోయి సంతకం పెట్టేసొస్తా, సాక్షులు ఇద్దరు వస్తారు."

"సుజనకు రాయండి. కన్న కూతురు."

"అడిగినా. 'వదినకే రాయి నాయనా' అనింది."

"నాకొద్దు."

"ఏంటికి?"

"ఊరికే."

"ఊరికే ఇల్లొద్దనేవాళ్లను నగరిలో నేను సూడలేదు."

"అది కాదు... వీలునామా మళ్లా మార్చుకోవచ్చంట గదా?"

"బతికుండేదాకా ఎన్నిసార్లయినా. ఏం?"

"ఏం లేదు. రేపు నేనీడ లేకపోతే అని."

"యాడికి పోతావు?"

"యాడికీ లేదు."

"సూళ్లూరుపేటకా?"

"మామా!"

"ఆ సూళ్లూరుపేట భానుచందర్ వచ్చినాడమ్మా. నువ్వు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉండావు. కూర్చోమన్నా కూర్చోలేదు. 'రూపశ్రీని చేసుకుంటా, మీరు సరే అంటేనే' అన్నాడు."

"నేను పంపలేదు మామా, సత్తెంగా! నేనింకా ఔననలేదు."

"తెలుసు. మేముండాం గనక అనలేదు."

"మిమ్మల్ని ఇడిసిపెట్టి ఎట్ల పోయేది? నన్ను ఇంత బాగా సూసుకొన్నోళ్లకు ఈ మాట ఏ నోటితో చెప్పేది? నా వల్ల కావడం లేదు మామా. పోతే మీరు, పోకపోతే... ఇంక ఇల్లు కూడా నా పేరన పెడితే నా గుండె పగిలిపోతాది. ఈ ఇంటి కోడలు కాకుండా పోయినదానికి ఈ ఇంట్లో ఏం హక్కు?"

"అందుకే కోడలని రాయించలేదు. కూతురని రాయించినా. యాడుండినా ఆడబిడ్డకు పుట్టినిల్లు ఒకటి ఉండాల."

"అయ్యో మామా..."

"ఏడవొద్దు. నువ్వేడిస్తే నేనూ ఏడుస్తా, మీ అత్త వచ్చి ఇద్దర్నీ తిడతాది."

"అత్తకు తెలుసా?"

"నాకంటే ముందే కనిపెట్టింది. కూడు ముట్టకుండా పడుకొనింది. మళ్లా తనే లేసి, 'బిడ్డకు అడ్డం పడొద్దు' అనింది. కొడుకు ఫోటో ముందర కూర్చొని అనింది."

"కరెంటొచ్చింది మామా."

"ఆ... వచ్చింది. నువ్వు లోపలికి పో, మొగం కడుక్కో."

"ఉండండి. వెనక గదిలో మగ్గం ఆడతా ఉండాది!"

"యాడ? పక్కింట్లోది."

"పక్కింట్లోది కాదు. ఆయన మగ్గం చప్పుడు నాకు తెలీదా? ఆయన పోయినాక దాన్ని ఎవురూ ముట్టలేదు గదా! నాకని మొదలుపెట్టిన చీర సగంలో అట్లే ఉండాది గదా!"

"థూ, నా మతి మండ. కరెంటు పోయినప్పుడు స్విచ్చు ఆపేది మరిచిపోతినే."

"మీరా? మీరా నేసేది?"

"నువ్వు షిఫ్టుకు పోయినాక. మీ అత్త నూలు కండెలు చుట్టిస్తాది. ఇద్దరం ఏడ్సుకుంటానే నేస్తా ఉండాం."

"ఏంటికి మామా? ఆయన చెయ్యిపెట్టింది అట్లే ఉండనీయకుండా ఏంటికి?"

"మన ఇండ్లల్లో కూతురి పెండ్లిచీర అంగట్లో కొనం గదమ్మా, ఇంటి మగ్గం మీదే నేస్తాం. ఇల్లంటే నేను పోయినాక వస్తాది. ఇది నేనుండంగానే నా చేత్తో ఇయ్యాల. సగం వాడు నేసినాడు, సగం నేను నేస్తా ఉండా. పెండ్లినాడు కట్టుకో తల్లీ."